కంటిచూపు సర్టిఫికెట్: ముప్ఫైకీ అరవైకీ మధ్య ఒక్క వరుస

ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కన్ను అద్దాలు పెట్టుకుంటే చార్టులో 6/18 వరుస చదివింది. అప్పుడు వైకల్యం 30 శాతం. పింఛనుకు 40 కావాలి కాబట్టి అది రాదు. అదే మనిషి ఆ వరుస చదవలేక, దానిపైనున్న 6/24 దగ్గరే ఆగిపోతే 60 శాతం. ఒక కన్ను పూర్తిగా పోయినవాళ్లకు నడుమ నలభై, యాభై ఏమీ లేవు. వరంగల్ ఎంజీఎంలోనైనా, కరీంనగర్, ఆదిలాబాద్ ఆసుపత్రుల్లోనైనా వైకల్య సర్టిఫికెట్ క్యాంపు ముగిశాక "ఆయనకు అరవై వేసి నాకు ముప్ఫై వేసిండ్రు" అనే గొడవ లేచేది ఎక్కువగా ఇక్కడే. డాక్టరు దయతలచి వేసే మార్కులు కావవి. పట్టికలోంచి తీసిన అంకెలు. ఆ పట్టిక ఎట్లా నడుస్తుందో ముందే తెలిసినవాళ్లు సరైన కాగితాలతో వెళ్తారు. తెలియనివాళ్లు రెండు మూడుసార్లు తిరుగుతారు.

ముందు 6/60 అంటే ఏమిటో చూద్దాం. మంచి చూపున్నవాళ్లు 60 మీటర్ల దూరం నుంచి పోల్చగలిగే అక్షరాన్ని, చూపు తగ్గినవాళ్లు 6 మీటర్ల దగ్గరికి వస్తే తప్ప పోల్చలేకపోవడం. చార్టులో అన్నిటికంటే పైనుండే పెద్ద అక్షరం అది. దాని కింద వరుసగా 6/36, 6/24, 6/18, 6/12, 6/9, చివరన 6/6. పై అక్షరం కూడా కనబడకపోతే మనిషిని చార్టు దగ్గరికి నడిపిస్తారు. మూడు మీటర్ల దగ్గర కనబడితే 3/60, ఒక మీటరు దగ్గరైతే 1/60. అదీ కాకపోతే వేళ్లు లెక్కపెట్టిస్తారు, కళ్లముందు చెయ్యి ఆడిస్తారు, ఆఖరికి టార్చి వేసి వెలుతురు తెలుస్తుందా అని అడుగుతారు. చీటీ మీద సీఎఫ్, హెచ్ఎం, పీఎల్ అని రాసేవి ఈ మూడే.

ఈ కొలతలన్నీ అద్దాలు పెట్టి తీసినవే లెక్క. ఉత్త కంటితో 3/60 ఉన్నా, సరైన అద్దంతో 6/12 వస్తే చట్టం దృష్టిలో వైకల్యం లేనట్టే. మైనస్ పది, పన్నెండు పవరు ఉన్నవాళ్లు "అద్దం తీస్తే నాకు ఏమీ కనపడదు సార్" అని ఎంత మొత్తుకున్నా లాభం లేకపోవడానికి కారణం ఇదే.

పట్టిక నడిచే తీరు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద కేంద్రం 2018 జనవరిలో కొలత మార్గదర్శకాలు ఇచ్చింది, 2024 మార్చిలో సవరించింది. చూపు పట్టికను మెట్ల వరుస అనుకుంటే సులువుగా పట్టుబడుతుంది. రెండు కళ్లలో మెరుగైనది ఏ మెట్టు మీద నిలబెడుతుందో నిర్ణయిస్తుంది. రెండో కన్ను ఆ మెట్టు మీదనే కొంచెం అటూఇటూ జరుపుతుంది, అంతే.

మెరుగైన కన్ను 6/18 గానీ అంతకంటే బాగా గానీ చూస్తే మొదటి మెట్టు. రెండో కన్నూ అట్లాగే ఉంటే సున్నా. అది 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే 10 శాతం, అంతకంటే తగ్గి 3/60 దాకా ఉంటే 20, ఇంకా పడిపోయినా, పూర్తిగా పోయినా 30. ఈ మెట్టు మీద ఎంత చేసినా ముప్ఫై దాటదు. ఒంటికన్నువాళ్ల బాధ అంతా ఇక్కడ ఉంది. లోతు తెలియక మెట్లు తప్పడం, బండి నడపలేకపోవడం, ఒక పక్క నుంచి వచ్చేది కనబడకపోవడం ఏవీ ఈ పట్టికలోకి ఎక్కవు.

మెరుగైన కన్ను 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే రెండో మెట్టు. రెండో కన్నూ అంతే ఉంటే 40, 3/60 దాకా దిగితే 50, ఇంకా పోతే 60. మెరుగైనది 6/60 కంటే తగ్గి 3/60 దాకా ఉంటే 70 లేదా 80. 3/60 కంటే తగ్గి 1/60 దాకా ఉంటే 90, ఇక్కణ్ణుంచి చట్టం దాన్ని అంధత్వం అంటుంది. రెండు కళ్లకూ చెయ్యి కదలికో వెలుతురో మాత్రమే తెలిసినా, అదీ తెలియకపోయినా 100.

ఇప్పుడు పాత సర్టిఫికెట్ల సంగతి. 2001 నాటి పాత మార్గదర్శకాల్లో మెరుగైన కన్ను 6/18 నుంచి 6/36 మధ్య ఉండి, రెండోది 6/60 నుంచి పూర్తిగా పోయేదాకా ఏదైనా కావచ్చు, 40 శాతం ఇచ్చేవారు. అంటే మంచి కన్ను సరిగ్గా 6/18, రెండోది సున్నా అయినవాళ్లు అప్పుడు నలభైలో ఉన్నారు. ఇప్పుడు మళ్లీ పరీక్షకు వస్తే వాళ్లది ముప్ఫై. కంటిలో ఏ మార్పూ లేదు, కొలబద్ద మారింది. రీ-అసెస్‌మెంటులో పర్సంటేజీ తగ్గిన ప్రతిచోటా ఎవరో కావాలని కోశారని అనుకోనక్కర్లేదు. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. మంచి కన్ను 6/36, రెండోది పోయినవాళ్లకు పాత లెక్కలో 40 వస్తే, కొత్త లెక్కలో 60 వస్తుంది. ఇలాంటివాళ్లు పాత కాగితాన్ని అట్టే పెట్టుకుని కూర్చోవడం వల్ల నష్టపోతున్నారు.

చార్టుకు అందని చూపు

నీటికాసులు (గ్లకోమా), రేచీకటితో మొదలయ్యే రెటీనా జబ్బు ఉన్నవాళ్ల దగ్గర అసలు అన్యాయం జరుగుతుంది. వీళ్లకు నడిమధ్య చూపు చాలాకాలం బాగానే ఉంటుంది. చార్టు ముందు కూచోబెడితే 6/9 చదివేస్తారు. కానీ చుట్టూ చీకటి. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. సందులో ఎదురొచ్చే బర్రె, పక్కనుంచి వచ్చే ఆటో, తలుపు రెక్క ఏదీ తెలియదు. పొద్దుగూకితే ఇంటిపట్టునే. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన పల్లెల్లో ఈ వంశపారంపర్య రెటీనా జబ్బు ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కనబడటం కంటి డాక్టర్లకు కొత్త కాదు.

పట్టికలో వీళ్లకు దారి ఉంది. చార్టు చూపుకు బదులుగా చూపు వెడల్పును, అంటే ఫీల్డును లెక్కలోకి తీసుకోవచ్చు. మెరుగైన కంటి ఫీల్డు చూపు నిలిపిన చోటు చుట్టూ 40 డిగ్రీల కంటే తగ్గి 20 దాకా ఉంటే రెండో మెట్టు, అంటే 40 నుంచి 60. 20 కంటే తగ్గి 10 దాకా ఉంటే 70, 80. 10 కంటే తక్కువైతే 90. చార్టు 6/6 చదివినా ఇదే వర్తిస్తుంది. చిక్కల్లా ఒకటే: ఫీల్డు టెస్టు కాగితం చేతిలో లేకుండా వెళ్తే చార్టు మీదే లెక్క తేలుతుంది. వందమంది వరుసలో ఉన్న క్యాంపులో ఒక్కొక్క కంటికి పది నిమిషాలు పట్టే పరీక్ష ఎవరూ తమంతట తాము చేయరు.

కాబట్టి నీటికాసులు, రెటీనా, పక్షవాతం తర్వాత సగం చూపు పోయినవాళ్లు క్యాంపుకు ముందే పెరిమెట్రీ, అంటే వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కే ఆ ఫీల్డు టెస్టు చేయించుకోవాలి. ఉమ్మడి వరంగల్ వాళ్లు మొదట అడగాల్సింది వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో. హైదరాబాద్‌లో మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిది, ఎల్‌వీ ప్రసాద్ సంస్థలో డబ్బు కట్టలేనివారికి ఉచితంగా చూస్తారు. నిర్మల్ వైపు వాళ్లకు ముధోల్‌లో ఎల్‌వీ ప్రసాద్ కేంద్రం ఉంది. రిపోర్టు మీద పేరు, తేదీ, ఏ కన్ను, పరీక్ష నమ్మదగినదా కాదా అన్న వివరాలు ముద్రై ఉండాలి. తప్పు నొక్కుళ్లు ఎక్కువైతే ఆ రిపోర్టును సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డు పక్కన పెట్టొచ్చు. మొదటిసారి చేసేవాళ్లకు బటన్ ఎప్పుడు నొక్కాలో అర్థం కాక రిపోర్టు చెడిపోవడం మామూలే. అలా అయితే ఇంకో రోజు మళ్లీ చేయించుకోవడమే మేలు.

ఇంకో సంగతి. షుగరు అదుపులో లేనప్పుడు అద్దాల పవరు కూడా అటూఇటూ అవుతుంది. చక్కెర మూడు వందలు దాటిన వారంలో తీసిన పవరుతో బోర్డుకు వెళ్తే కొలత తప్పే అవకాశం ఉంది. 6/18, 6/24 గీత మీద ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

దేనికి సర్టిఫికెట్ ఇవ్వరు

మోతిబిందు ముదిరి చూపు పోయినవాళ్లకు బోర్డు చెప్పే మొదటి మాట ఆపరేషన్ చేయించుకొమ్మనే. వైద్యంతో తిరిగొచ్చే చూపు వైకల్యం కిందికి రాదు. చికిత్స అయిపోయి, ఇక మెరుగుపడదని తేలాకే శాశ్వత సర్టిఫికెట్. ఆపరేషన్ చేసినా రెటీనా, నరం దెబ్బతిని చూపు రాలేదనుకోండి, డిశ్చార్జి కాగితం, ఆ తర్వాత చూసిన డాక్టరు చీటీ రెండూ ఉండాలి. ఒక్క డిశ్చార్జి కాగితమే తెస్తే అది చేసిన ఆపరేషన్‌కు రుజువు అవుతుందే గానీ, రాని చూపుకు కాదు.

వరికోతల్లో గడ్డిపోచ తగిలో, పత్తిచేలో పుల్ల గుచ్చుకునో నల్లగుడ్డు మీద పుండు పడి, పువ్వు (తెల్లమచ్చ) మిగిలిపోయినవాళ్లు ఇక్కడి పల్లెల్లో కనబడుతూనే ఉంటారు. ఇది సాధారణంగా ఒక కంటికే కాబట్టి ముప్ఫై దగ్గరే ఆగిపోతుంది. చికిత్స నడుస్తున్నప్పుడు, కార్నియా మార్పిడికి ఎదురుచూస్తున్నప్పుడు గడువు పెట్టి తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. చిన్నపిల్లలకూ అంతే, కొన్నేళ్లకు మళ్లీ చూస్తారు. ఆ గడువు తేదీని ఎవరూ పట్టించుకోరు. అది దాటాక పింఛను ఆగినప్పుడు గాని గుర్తుకు రాదు.

దరఖాస్తు

ఇన్నాళ్లూ ఇక్కడ అందరి నోటా సదరం సర్టిఫికెట్ అనే మాటే. అది రాష్ట్రం సొంత పద్ధతి. 2025 నుంచి తెలంగాణలో కేంద్రం యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పద్ధతి దాని స్థానంలోకి వచ్చింది. జనం ఇంకా సదరం అనే అంటున్నారు, అంటే అననివ్వండి. పని మాత్రం స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో జరగాలి. సొంతంగా ఫోనులోనే చేసుకోవచ్చు, మీసేవకు వెళ్లినా చేస్తారు. పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదు.

కావాల్సినవి: ఆధార్, ఆరు నెలల లోపు దిగిన ఫోటో, సంతకం లేదా వేలిముద్ర, చిరునామా రుజువు, పనిచేసే మొబైల్ నంబరు. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే పోతాయి. మీసేవలో కూచున్నతను తొందరలో తన నంబరో, పక్కింటివాళ్ల నంబరో కొడతాడు. క్యాంపు తేదీ మెసేజ్ అక్కడికే పోతుంది. తేదీ దాటిన తర్వాత తెలిస్తే మళ్లీ మొదటికి. ఇంట్లో ఎప్పుడూ ఉండే మనిషి నంబరే ఇవ్వాలి, దరఖాస్తు నంబరు ఉన్న రసీదును ఆధార్‌తో కలిపి దాచుకోవాలి.

పేరు ఆధార్‌లో ఎట్లుందో అక్షరం తేడా లేకుండా అట్లనే పెట్టాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా కూడా తర్వాత పింఛను దగ్గర అడ్డం పడుతుంది. జిల్లా విషయంలో ఉమ్మడి వరంగల్ వాళ్లకు ఒక తిరకాసు ఉంది. 2016లో జిల్లాలు విడిపోయాయి. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. పాత ఆధార్‌లలో ఇంకా వరంగల్ అనే ఉంటుంది. మనిషి ఉండేది కాజీపేటలో, కాగితం మీద జిల్లా వరంగల్. ఆధార్‌లో జిల్లా పేరు ముందుగా మార్పించుకుని ఆ తర్వాత దరఖాస్తు పెడితే తలనొప్పి తగ్గుతుంది.

2024 అక్టోబరు సవరణ ప్రకారం దరఖాస్తు అందిన మూడు నెలల్లో వైద్యాధికారి తేల్చాలి. అంతకు ముందు ఒక నెల ఉండేది. మూడు నెలలు దాటినా పిలుపు రాకపోతే రసీదు తీసుకుని జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసుకో, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికో వెళ్లాలి. నోటిమాటగా చెప్పి రాకూడదు, కాగితం ఇచ్చి దాని మీద నంబరు వేయించుకోవాలి.

క్యాంపు రోజు అద్దాలు తప్పకుండా పెట్టుకెళ్లాలి. "అద్దాలు లేకపోతే పర్సంటేజీ ఎక్కువొస్తది" అని ఊళ్లో సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అద్దాలు లేకుండా వస్తే డాక్టరు తానే పవరు చూస్తాడు, లేదా ఇంకో రోజు రమ్మంటాడు. ఎట్లా చూసినా లాభం లేదు. నటించినా దొరికిపోతారు. తెలియకుండా కంటి ముందు అద్దాలు మార్చి చూసే పరీక్షలు, కదిలే చారల వెంట కన్ను పోతుందా లేదా అని చూసేవి ఉన్నాయి. ఇంకా అనుమానం ఉంటే మెదడులో చూపు సంకేతం కొలిచే వీఈపీ పరీక్షకు పెద్దాసుపత్రికి రాస్తారు. అసలైన ఇబ్బంది ఉన్నవాళ్లు కూడా కొంచెం ఎక్కువ చేసి చూపిద్దామనుకుంటే ఆ అనుమానంలో ఇరుక్కుంటారు. పాత చీటీలు తేదీల వరుసలో పెట్టుకుని, కంటి మందు వేశాక మసకగా ఉంటుంది కనుక తోడు ఒకర్ని తీసుకెళ్లాలి.

రెండు వైకల్యాలు ఉంటే

ముప్ఫై దగ్గర ఆగిపోయినవాళ్లు ఒకటి గమనించాలి. చూపుతో పాటు కాలో, చెయ్యో, చెవో కూడా దెబ్బతిని ఉంటే రెండింటినీ కలిపి లెక్కగట్టే సూత్రం ఉంది. ఉత్తగా కూడరు. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినది పెద్ద శాతానికి కలుపుతారు. ఒక కన్ను పోయి 30, పోలియో కాలుకు 20 ఉన్న మనిషిని చూడండి. 90లోంచి 30 పోతే 60. అరవైని ఇరవైతో గుణించి తొంభైతో భాగిస్తే 13 చిల్లర. మొత్తం 43 శాతం. నలభై గీత దాటినట్టే. కానీ దరఖాస్తులో రెండు వైకల్యాలూ రాసి, ఇద్దరు డాక్టర్లూ చూస్తేనే ఇది జరుగుతుంది. కంటి ఒక్కదానికే పెట్టుకున్నవాళ్లకు కాలు సంగతి ఎవరూ అడగరు.

కార్డు వచ్చాక

యూడీఐడీ కార్డు మీద 18 అంకెలు, అక్షరాలు కలిసిన నంబరు ఉంటుంది. రంగు చూస్తేనే స్థాయి తెలుస్తుంది: 40 కంటే తక్కువకు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. కార్డు పోస్టులో రావడం ఆలస్యమైతే పోర్టల్‌లోంచి దించుకుని వాడుకోవచ్చు. దేశమంతా చెల్లుతుంది. తెల్ల కార్డు వచ్చిందంటే గుర్తింపు ఉన్నట్టేగానీ, నలభై శాతానికి కట్టిన ప్రయోజనాలేవీ రావు.

పింఛను దానంతట అది రాదు, వేరే దరఖాస్తు పెట్టాలి. పల్లెల్లో మండల పరిషత్తులో, పట్టణాల్లో మున్సిపాలిటీలో. దివ్యాంగుల పింఛను తెలంగాణ వచ్చాక 2014లో 1,500 అయి, 2019లో 3,016కు, 2023 జులైలో 4,016 రూపాయలకు పెరిగింది. చూపు విషయంలో 40 శాతం చాలు. కొత్త పింఛన్లను ప్రభుత్వం విడతలుగా మంజూరు చేస్తుంది కాబట్టి సర్టిఫికెట్ వచ్చిన నెల నుంచే డబ్బు లెక్కపెట్టుకోకూడదు.

చదువుకునేవాళ్లకు పింఛను కంటే కార్డే ఎక్కువ పనిచేస్తుంది. నలభై శాతం గానీ ఆపైన గానీ ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, కేంద్ర కొలువుల్లో 4 శాతంలో ఒక శాతం చూపు లోపం ఉన్నవాళ్లకే. పరీక్షల్లో రాసిపెట్టే మనిషి, గంటకు 20 నిమిషాల అదనపు సమయం కేంద్ర మార్గదర్శకాల్లో ఉన్నాయి. మండలాల్లో దివ్యాంగ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లను కలిస్తే బ్రెయిలీ, పెద్దక్షరాల పుస్తకాల సంగతి చెబుతారు. ఆదాయపన్ను కట్టేవాళ్లకు పాత పన్ను విధానంలో 75,000, ఎనభై శాతం గానీ ఆపైన గానీ ఉంటే 1,25,000 మినహాయింపు. బ్యాంకులు చూపు లేదన్న కారణంతో చెక్కుబుక్కు, ఏటీఎం, లాకరు నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2008లోనే చెప్పింది. కౌంటర్లో ఎవరైనా కాదంటే ఆ మాట గుర్తుచేయాలి.

రైలు రాయితీకి మాత్రం యూడీఐడీ చూపిస్తే చాలనుకుని కాజీపేట స్టేషన్‌కు వెళ్లి తిరిగొచ్చేవాళ్లు చాలామంది. అది పూర్తిగా చూపు లేనివాళ్లకే. స్లీపరు, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50, తోడు వచ్చే ఒకరికీ అంతే. రైల్వే తన సొంత ఫోటో కార్డు ఇస్తుంది, దానికి వేరుగా దరఖాస్తు. తక్కువ చూపు ఉన్న 40, 60 శాతం వాళ్లకు ఇది లేదు.

పర్సంటేజీ తప్పుగా వేశారనిపిస్తే క్యాంపులో డాక్టరుతో వాదించి లాభం లేదు. చట్టంలో 59వ సెక్షన్ అప్పీలుకు దారి ఇచ్చింది, నిర్ణయం వచ్చిన 90 రోజుల్లోపు పెట్టాలి. అప్పీలుకు ముందు ఆ చీటీని నిదానంగా చదివించుకోండి. కొలత ఏ కంటికి ఎంత రాశారు, అద్దంతోనా కాదా, ఫీల్డు గడి ఖాళీగా ఉందా. ఫీల్డు గడి ఖాళీగా ఉండి, చేతిలో పెరిమెట్రీ రిపోర్టు ఉంటే అప్పీలుకు బలం ఉంది. కొలతలు సరిగ్గానే ఉండి పట్టిక ప్రకారమే 30 వస్తే, అప్పీలు చేసినా మారేది ఏమీ ఉండదు. అప్పుడు చూసుకోవాల్సింది మిగిలిన మంచి కంటి చూపు ఏడాదికోసారి ఎంత తగ్గుతుందన్నది. అది 6/24కు దిగిందని చీటీ మీద పడ్డ రోజున కొత్త దరఖాస్తు పెట్టుకోవచ్చు.